ఆరేళ్లుగా వాడుతున్న పాదం ఎముకల మోడల్: నా అనుభవం

ఫిజియోథెరపీ రెండో ఏడాదిలో ఉన్నప్పుడు కొన్నాను దీన్ని. అసలు సైజు కుడి పాదం, పైన మోకాలి కింది రెండు ఎముకలు టిబియా, ఫిబులా కొంతవరకే ఉంటాయి, బయటివైపు లిగమెంట్లకు (ఎముకల్ని కలిపి పట్టుకునే పట్టీలు) బదులు రబ్బరు పట్టీలు. చదువైపోయి పనిలో చేరాక కూడా రోజూ నా టేబుల్ మీదే ఉంది, ఎంతమంది చేతుల్లో తిరిగిందో లెక్కే లేదు. కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు ముందే చెప్పేస్తాను: కొనండి, కానీ ఎముకలు జిగురుతో అతికించిన రకం వద్దు, సాగే తాడుతో గుచ్చినదే తీసుకోండి.

నా రూమ్మేట్ దగ్గర అతికించిన రకం ఉండేది, చూడ్డానికి నాదానికంటే నీటుగా ఉండేది కూడా, కాకపోతే అందులోంచి మడమ ఎముక మీద కూర్చునే ఎముకను, అంటే టాలస్‌ను బయటికి తీయలేం. పాదంలో ఉన్న 26 ఎముకల పేర్లు ఏ బొమ్మ చూసినా నేర్చుకోవచ్చు, టాలస్ మాత్రం చేతిలోకి తీసుకుంటే తప్ప బుర్రకెక్కదు. దాని పైభాగం నున్నగా, గుండ్రంగా ఉంటుంది. పైనుంచి చూస్తే ముందువైపు వెడల్పు, వెనక్కి పోయేకొద్దీ సన్నం. దాన్ని టిబియా, ఫిబులా కలిసి చేసిన గాడిలో పెట్టి మునివేళ్లు పైకి లేపితే ఆ వెడల్పు భాగం లోపలికి వచ్చి బిగుసుకుంటుంది, కిందికి వంచితే సన్న భాగం వచ్చి వదులవుతుంది. పాదం కిందికి వంగి ఉండే వేళ, అంటే మెట్లు దిగుతున్నప్పుడో, గెంతి నేల మీద పడినప్పుడో కాలు ఎందుకు మడతపడుతుందో నాకు ఆరోజు రాత్రి మంచం మీద కూర్చుని దీన్ని అటూ ఇటూ తిప్పుతుంటే అర్థమైంది. ఈ టాలస్‌కు ఒక్క కండరం కూడా అంటుకుని ఉండదు, పైన ఎక్కువ భాగం మృదులాస్థి పొరే, రక్తం వచ్చే దారులు తక్కువ, అందుకే దాని మెడలాంటి సన్న భాగం దగ్గర విరిగితే డాక్టర్లు అంత టెన్షన్ పడతారు.

మూడో ఏడాదిలో బయటివైపు ముందున్న రబ్బరు పట్టీ తెగిపోయింది. మోడల్ చేతిలోకి తీసుకున్న ప్రతివాళ్లూ చేసే మొదటి పని పాదాన్ని లోపలికి తిప్పడం, అప్పుడు లాగుడంతా ఆ పట్టీ మీదే పడుతుంది. మనుషుల్లోనూ కాలు బెణికితే ఎక్కువగా దెబ్బతినేది అదే చోటున్న లిగమెంట్. చీలమండకు బయటి గుబ్బ లోపలి గుబ్బ కంటే కిందికి దిగి ఉంటుంది, లోపలివైపు డెల్టాయిడ్ అనే లిగమెంట్ వెడల్పుగా, గట్టిగా పట్టుకుని ఉంటుంది, కాబట్టి పాదం బయటికి అంత తేలిగ్గా తిరగదు. అమ్మినవాళ్లకు విడి పట్టీ పంపమని రెండుసార్లు రాశాను, జవాబు రాలేదు. బట్టలకు కుట్టే ఎలాస్టిక్ ముక్క కట్టుకున్నాను, ఇప్పటికీ అదే ఉంది.

ఎముకల మీద వేసిన నంబర్లలో కొన్ని చెరిగిపోయాయి, చెరిగినవన్నీ నేను రోజూ వేలు పెట్టి చూపించే చోట్లే. కాలు బెణికి వచ్చినవాళ్లలో ఎవరికి ఎక్స్‌రే కావాలో తేల్చడానికి 1992లో కెనడాలోని ఒట్టావాలో డాక్టర్లు రాసిన నియమాలున్నాయి: రెండు గుబ్బల చివర, వెనక అంచు వెంట 6 సెంటీమీటర్ల వరకూ, చిటికెన వేలి వెనకున్న పొడవాటి ఎముక (మెటాటార్సల్) మొదలు, పాదం మధ్యలో లోపలివైపు ఉండే నావిక్యులర్ ఎముక. వీటిలో ఎక్కడైనా ఎముక మీద నొక్కితే నొప్పి ఉన్నా, నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయిస్తారు. ఆ చోట్లు నా చేతికి అలవాటు చేసింది ఈ మోడలే.

అరికాలి వైపుకొస్తే మాత్రం నిరాశే. బొటనవేలి మొదట్లో కింద శనగగింజలంత చిన్న ఎముకలు, సెసమాయిడ్లు, రెండు ఉండాలి, ఇందులో లేవు. ప్లాంటార్ ఫేషియా (అరికాల్లో మడమ నుంచి వేళ్ల దాకా ఉండే గట్టి పొర) పేరుతో ఒక గట్టి ప్లాస్టిక్ పట్టీ అతికించారు, వేలు ఎత్తినా అది కదలదు. అందుకే అక్కడ మోడల్ పక్కన పెట్టి, "మీ బొటనవేలు పైకి లేపి చూడండమ్మా" అంటాను, అరికాలి వంపు కళ్లముందే లేస్తుంది. మడమలో ఎముక ముల్లులా పెరిగిందని ఎక్స్‌రే పట్టుకుని భయంగా వచ్చేవాళ్లకు మాత్రం ఈ మోడలే పనికొస్తుంది. మొన్న ఒకావిడ, "నడిస్తే నేల మీద గుచ్చుకుంటుందేమో సార్" అన్నారు. మడమ ఎముక చేతికిచ్చి, అది పెరిగేది వేళ్ల వైపుకండీ, నేల వైపుకు కాదు, నొప్పి ఏమీ లేనివాళ్లలో కూడా ఇది కనిపిస్తుంది అని చెబితే ఆమె ఎముకను చాలాసేపు తిప్పి తిప్పి చూశారు.

ఇంకో లోపం చెప్పాలి, ఇది పెద్దది. టాలస్‌కూ మడమ ఎముకకూ మధ్య గట్టి తీగ పెట్టారు. దాంతో పాదాన్ని పక్కకు వంచితే పైన చీలమండ కీలే వంగినట్టు కనిపిస్తుంది, నిజానికి ఆ కదలిక ఎక్కువగా జరిగేది టాలస్ కిందున్న కీలులో. చదువుకునే పిల్లలు ఇక్కడే తప్పు నేర్చుకుంటారు, నేనూ దీన్ని కొన్న మొదటి ఏడాదంతా అలాగే అనుకున్నాను. పోయిన ఏడాది ఆ తీగ కత్తిరించేసి రెండు వరసల ఎలాస్టిక్ వేశాను, ఇప్పుడు మడమ పట్టుకుని అటూ ఇటూ ఊపితే టాలస్ కదలకుండా ఉంటుంది, కింద ఎముక ఒక్కటే తిరుగుతుంది.