పోస్ట్‌గ్రెస్ 18కి మారాం: ఏనుగు బంగారం, మావటి పని మాత్రం మనదే

ఆరేళ్లుగా వాడుతున్న పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి (ఏనుగు దీని లోగో) ఇప్పుడు కొత్తగా రివ్యూ ఏంటి అంటారేమో. ఈమధ్యే 16 నుంచి 18కి మారాం, ఆ రాత్రి పట్టిన చెమటలూ తర్వాత దొరికిన లాభాలూ రెండూ ఇంకా గుర్తున్నాయి, మర్చిపోకముందే రాసేద్దామని కూర్చున్నా. నేను డీబీఏని, అంటే డేటాబేస్ చూసుకునే అడ్మిన్‌ని కాదండి, బ్యాకెండ్ కోడ్ రాసుకునేవాణ్ణి. చిన్న టీమ్‌లో డేటాబేస్ ఎవరిదీ కాకపోతే ఆఖరికి ఎవడో ఒకడి నెత్తిన పడుతుంది కదా, ఆ ఒకడు నేను.

ముందు అప్‌గ్రేడ్ సంగతి. వెర్షన్ మార్చే టూల్ పీజీ అప్‌గ్రేడ్‌ని, తనిఖీ మాత్రమే చేసే చెక్ ఆప్షన్‌తో రన్ చేశా, వరసగా ఓకే ఓకే అని వస్తుందిలే అనుకుంటే మొదట్లోనే ఆగిపోయింది. పాత క్లస్టర్‌లో (ఒక సర్వర్ నడిపే డేటాబేస్‌ల మొత్తం) డేటా చెక్‌సమ్స్ (డేటా పాడైతే పట్టించే లెక్కలు) లేవు, కొత్తదాంట్లో ఉన్నాయి, కుదరదు పొమ్మంది. విషయం ఏంటంటే 18 నుంచి కొత్త క్లస్టర్ తయారుచేసే ఇనిట్‌డీబీ కమాండ్ కొడితే చెక్‌సమ్స్ వాటంతటవే ఆన్‌లో వస్తాయి, అంతకుముందు మనం అడిగితేనే వచ్చేవి, మేమేమో ఎప్పుడూ అడగలేదు. దీనికి రెండు దారులు. కొత్త క్లస్టర్‌ని నో డేటా చెక్‌సమ్స్ అని చెప్పి క్రియేట్ చేసుకోవడం ఒకటి, పాతదాన్ని ఆపేసి పీజీ చెక్‌సమ్స్ టూల్‌తో ఎనేబుల్ చేయడం రెండోది. మొదటిది రెండు నిమిషాల పని, రెండోది ప్రతి పేజీనీ చదివి మళ్లీ రాస్తుంది కాబట్టి డిస్క్ ఎంత స్పీడో అంత టైమ్. మా 300 జీబీకి ముప్పావుగంట దాకా పట్టింది. అయినా రెండోదే చేశాం, ఎందుకంటే డిస్క్ ఎక్కడైనా ఒక బిట్ తిప్పేస్తే ఆ 8 కేబీ పేజీ చదివేటప్పుడే తెలిసిపోతుంది, లేకపోతే పాడైన డేటానే నెలల తరబడి బ్యాకప్ తీసుకుంటూ కూర్చుంటాం. బాగుచేయదు, చెప్తుంది అంతే, కానీ ఆ చెప్పడమే కావాలి. మీరు మాత్రం ఇదంతా ప్రొడక్షన్ రోజున కనుక్కోకండి, బ్యాకప్‌ని వేరే మెషిన్‌లో రీస్టోర్ చేసి ముందే ఒక రిహార్సల్ వేసుకోండి. మేం వేశాం కాబట్టి బతికాం, చెమటలన్నీ రిహార్సల్ రాత్రే పట్టేశాయి.

డాకర్‌లో నడిపేవాళ్లకి ఒక మాట, 18 అఫీషియల్ ఇమేజ్‌లో డేటా డైరెక్టరీ దారి మారింది, వెర్షన్ నంబర్ ఉన్న ఫోల్డర్‌లోకి వెళ్లింది. పాత కంపోజ్ ఫైల్లో నంబర్ ఒక్కటీ మార్చేసి పైకి లేపేద్దాం అనుకుంటే దెబ్బ తింటారు, వాల్యూమ్ ఎక్కడ మౌంట్ అవుతోందో చూస్కోండి.

ఇక ఈ వెర్షన్‌లో నాకు బాగా నచ్చింది ఏదంటే ఎవరూ పెద్దగా మాట్లాడుకోని విషయం, అప్‌గ్రేడ్ అయ్యాక ప్లానర్ (క్వెరీని ఏ దారిలో నడపాలో ఎంచుకునే భాగం) వాడే స్టాటిస్టిక్స్ పోవు. ఇదివరకు అప్‌గ్రేడ్ అవ్వగానే స్టాటిస్టిక్స్ ఖాళీ, ఏ టేబుల్లో ఏముందో ప్లానర్‌కి తెలీదు, ఇండెక్స్ పక్కన పెట్టేసి టేబుల్ మొత్తం స్కాన్ చేసుకుంటూ పోయేది, అప్‌గ్రేడ్ సక్సెస్ అని మెసేజ్ పెట్టిన పావుగంటకే సైట్ స్లో అని ఫోన్లు. ఇప్పుడు అవి కూడా వెంట వస్తాయి. క్రియేట్ స్టాటిస్టిక్స్‌తో మనం చేసుకున్న ఎక్స్‌టెండెడ్ స్టాటిస్టిక్స్ మాత్రం రావు, వ్యాక్యూమ్ డీబీ టూల్‌కి మిస్సింగ్ స్టాట్స్ ఓన్లీ అనే కొత్త ఆప్షన్ ఇచ్చారు, దాంతో ఎనలైజ్ (స్టాటిస్టిక్స్ మళ్లీ లెక్కించడం) కొడితే లేనివాటికే చేస్తుంది.

అందరూ ఊదరగొట్టింది అసింక్ ఐఓ గురించి. డిస్క్‌ని ఒక పేజీ అడిగి అది వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోకుండా ముందే బోలెడు పేజీలు అడిగి పెట్టుకుంటుంది అన్నమాట. కొన్ని సందర్భాల్లో 3 రెట్ల దాకా స్పీడ్ అని రిలీజ్ టైమ్‌లో చెప్పారు. మా దగ్గర నెలాఖరు రిపోర్ట్ ఒకటి పెద్ద టేబుల్ మొత్తం చదువుతుంది, నాలుగు నిమిషాలది రెండున్నరకి వచ్చింది. అంతే, మిగతా ఇండెక్స్ మీద ఒక్క రో తెచ్చే క్వెరీలకి ఏమీ తేడా లేదు, ఉండదు కూడా, ఎందుకంటే ఇది ప్రస్తుతానికి సీక్వెన్షియల్ స్కాన్, బిట్‌మ్యాప్ హీప్ స్కాన్, వ్యాక్యూమ్ (దీని సంగతి కింద చెప్తా) లాంటి వాటికే, అదీ చదవడానికే, రాయడానికి కాదు. డీఫాల్ట్‌గా వర్కర్ మోడ్‌లో (చదివే పని వేరే ప్రాసెస్‌లు చేస్తాయి) వస్తుంది, లినక్స్‌లో దాని సొంత పద్ధతి ఐఓ యూరింగ్ కూడా పెట్టుకోవచ్చు. ఈ అసింక్ ఐఓ పనిని ఏళ్ల తరబడి మోసినవాళ్లలో ముఖ్యుడు ఆండ్రెస్ ఫ్రాయిండ్. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో దాచిన బ్యాక్‌డోర్‌ని (దొంగదారిని) పట్టుకున్నది ఈయనే, పోస్ట్‌గ్రెస్ బెంచ్‌మార్క్ చేసుకుంటుంటే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను లేటవుతోందేంటి అని తవ్వుకుంటూ పోయాడు. అర సెకనుకి ఊరుకోని మనుషులు రాస్తున్న డేటాబేస్ అండి ఇది, నా నమ్మకంలో సగం అక్కడే ఉంది.

స్కిప్ స్కాన్ కూడా పనికొచ్చింది. స్టేటస్, తేదీ అని రెండు కాలమ్స్ మీద ఇండెక్స్ ఉంటే, తేదీ ఒక్కటే అడిగినా ఇప్పుడు ఆ ఇండెక్స్‌ని వాడుకోగలదు, స్టేటస్‌లో నాలుగైదు రకాలే ఉంటే. దాంతో తేదీ కోసమే విడిగా పెట్టిన ఇండెక్స్ ఒకటి పీకేశాం. యూయూఐడీ (రికార్డుకి ఇచ్చే ప్రత్యేక ఐడీ) వెర్షన్ 7 ఇప్పుడు లోపలే ఉంది, టైమ్ వరసలో పుడతాయి కాబట్టి ఇన్‌సర్ట్‌లు ఇండెక్స్ అంతా చెల్లాచెదురవ్వవు, కాకపోతే ఐడీ చూస్తే రికార్డ్ ఎప్పుడు పుట్టిందో తెలిసిపోతుంది, అది బయటివాళ్లకి కనపడకూడదు అనుకుంటే వరస లేకుండా పుట్టే వెర్షన్ 4లోనే ఉండండి.

ఇప్పుడు తిట్లు. వ్యాక్యూమ్.

పోస్ట్‌గ్రెస్‌లో ఒక రో అప్‌డేట్ చేస్తే పాతది అక్కడే ఉంటుంది, కొత్త కాపీ పక్కన పడుతుంది, ఆ పాతవాటిని ఊడ్చే పని ఆటోవ్యాక్యూమ్‌ది. మాకు జాబ్స్ టేబుల్ ఒకటుంది, క్యూలా వాడతాం, ఎప్పుడు చూసినా ఇరవై వేల రోలు కూడా ఉండవు, అలాంటిది ఓ రోజు దాని సైజ్ చూస్తే 40 జీబీ. ఆటోవ్యాక్యూమ్ లాగ్ తెరిచా, పాపం అది నిమిషానికోసారి వస్తూనే ఉంది, ఇన్ని డెడ్ రోలు ఉన్నాయి కానీ ఇంకా తీసేయడానికి కుదరదు అని రాసి వెళ్లిపోతోంది, ఒక్కటి కూడా తియ్యట్లేదు. నడుస్తున్న సెషన్లు చూపించే పీజీ స్టాట్ యాక్టివిటీలో చూస్తే ఒక సెషన్ ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ (ట్రాన్సాక్షన్ తెరిచి ఊరకే కూర్చుంది), మొదలై మూడు రోజులు. ఎవడ్రా వీడు అని ఐపీ చూశా. నా ల్యాప్‌టాపే. ఆటోకమిట్ ఆఫ్ చేసి ఒక రో అప్‌డేట్ చేసి, కమిట్ కొట్టకుండా మూత దించి లేచిపోయానన్నమాట, ఆ ట్యాబ్ మూడు రోజుల నుంచి అలాగే తెరిచి ఉంది. అది ముగిసేదాకా ఆ తర్వాత చచ్చిన రోలు ఏవీ తీయడానికి వీల్లేదు, ఏ టేబుల్లోనైనా సరే.

సెషన్ చంపేశాక ఊడ్చేసింది కానీ ఫైల్ సైజ్ మాత్రం దాదాపు తగ్గలేదు, ఎందుకంటే మామూలు వ్యాక్యూమ్ ఖాళీ జాగాని మళ్లీ వాడుకోవడానికి ఉంచుకుంటుంది, చివర్లో ఖాళీ అయిన పేజీలు తప్ప ఆపరేటింగ్ సిస్టమ్‌కి తిరిగివ్వదు. తిరిగి కావాలంటే వ్యాక్యూమ్ ఫుల్, అది టేబుల్‌ని పూర్తిగా లాక్ చేస్తుంది, రాత్రి పూట చేసుకున్నాం. ఆ మర్నాడే ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ సెషన్ టైమౌట్‌ని అయిదు నిమిషాలు పెట్టేశా. డీఫాల్ట్‌గా అది సున్నా, అంటే ఎన్నాళ్లైనా ఆగుతుంది. ఇదే నాకు కోపం, ఇంత ముఖ్యమైనవి ఆఫ్‌లో పెట్టి ఇస్తారేంటండి.

డీఫాల్ట్‌ల మాట వచ్చింది కాబట్టి, షేర్డ్ బఫర్స్ (డేటా కాష్‌కి ఇచ్చే మెమరీ) 128 ఎంబీ, ఈ రోజుల్లో ఫోన్‌కి కూడా నవ్వొస్తుంది, ర్యామ్‌లో పావు వంతు దగ్గర మొదలుపెట్టండి. ఎస్ఎస్‌డీ ఉంటే ర్యాండమ్ పేజ్ కాస్ట్‌ని 4 నుంచి 1.1కి దించి చూడండి, ఇండెక్స్‌లు వాడటానికి మొహమాటపడటం తగ్గుతుంది. వర్క్ మెమ్ (సార్ట్‌లకీ హ్యాష్‌లకీ వాడే మెమరీ) 4 ఎంబీయేగా అని తెగ పెంచేయకండి, అది కనెక్షన్‌కి కాదు, క్వెరీలో ప్రతి సార్ట్‌కీ ప్రతి హ్యాష్‌కీ విడివిడిగా, గ్లోబల్‌గా 256 ఎంబీ పెట్టిన రోజు మెమరీ అయిపోయి సర్వర్ పడిపోయింది, ఇప్పుడు రిపోర్ట్ యూజర్‌కి మాత్రమే పెంచి ఉంచాం. ఆటోవ్యాక్యూమ్ అయితే టేబుల్లో 20 శాతం దాకా చచ్చిన రోలు పోగయ్యేవరకు కదలదు, కోటి రోలున్న టేబుల్‌కి అది 20 లక్షలు. పెద్ద టేబుల్స్‌కి విడిగా 0.01 (అంటే 1 శాతం) అని సెట్ చేసుకోండి. 18లో దీనికి పై హద్దు పెట్టారు కానీ అది 10 కోట్ల దగ్గర, మనలాంటి వాళ్లకి తగలదు. కనెక్షన్‌కి ఒక ప్రాసెస్ కాబట్టి వందలు వందలు తెరవకుండా ముందు కొన్ని కనెక్షన్లనే అందరికీ పంచే పీజీబౌన్సర్ పెట్టుకోండి, 1.21 నుంచి ట్రాన్సాక్షన్ మోడ్‌లో ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్స్ కూడా నడుస్తాయి, అవి నడవవన్న పాత సాకు పోయింది. రెప్లికా (డేటాబేస్ నకలు నడిపే సర్వర్) తీసేసినప్పుడు దాని రెప్లికేషన్ స్లాట్ కూడా తీసేయండి, లేదంటే దానికోసం దాచిన వాల్ ఫైల్స్ (మార్పుల లాగ్) పేరుకుని డిస్క్ నిండుతుంది.

సర్వీస్ ఎలా ఉంది అంటే, పైసా తీసుకోని ప్రాజెక్ట్‌కి ఇంత టైమ్ పాటించడం నేనెక్కడా చూళ్లేదు. 1986లో బర్క్‌లీ యూనివర్సిటీలో మైఖేల్ స్టోన్‌బ్రేకర్ మొదలుపెట్టింది, ఇప్పటికీ ఏ ఒక్క కంపెనీ సొంతం కాదు, 2024లో రెడిస్ అనే మరో డేటాబేస్ లైసెన్స్ మారినప్పుడు పడ్డ తలనొప్పి దీనితో వస్తుందని భయం లేదు. ఏటా ఒక పెద్ద వెర్షన్, దానికి అయిదేళ్ల సపోర్ట్. 13కి 2025 నవంబర్‌తో అయిపోయింది, 14కి 2026 నవంబర్. చిన్న రిలీజ్‌లు ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబర్ రెండో గురువారం, ప్యాకేజీ మార్చి రీస్టార్ట్ చేస్తే చాలు. అలాగని అదే రోజు ప్రొడక్షన్‌లో వేసేయకండి, 2024 నవంబర్‌లో 17.1 కొన్ని ఎక్స్‌టెన్షన్లతో పడకపోతే వారానికే 17.2 ఇచ్చారు, 2025 ఫిబ్రవరిలో 17.3 తర్వాత కూడా వారానికే 17.4. రిలీజ్ నోట్స్ చదవండి, మనకి తగిలే సెక్యూరిటీ లోపం ఉంటే వెంటనే, లేకపోతే స్టేజింగ్‌లో ఒక వారం. నేనిప్పుడు ఇదే ఫాలో అవుతున్నా.

అయిదుకి నాలుగున్నర ఇస్తా, అర తగ్గించింది ఆ టైమౌట్ డీఫాల్ట్‌కి.

మాకింకో పని మిగిలే ఉంది. ఎండీ5 అనే పాత పద్ధతిలో దాచిన పాస్‌వర్డ్‌లకి 18 నుంచి వార్నింగ్ మొదలైంది, ముందుముందు తీసేస్తారు. యూజర్ల పాస్‌వర్డ్‌లుండే పీజీ ఆథ్ఐడీ టేబుల్లో చూస్తే మాకు మూడు యూజర్లు ఇంకా వాటిమీదే ఉన్నారు, అదే పాస్‌వర్డ్ మళ్లీ సెట్ చేస్తే కొత్త పద్ధతి అయిన స్క్రామ్‌లోకి మారిపోతాయి, రెండు మార్చేశా. మూడోది ఏ స్క్రిప్ట్ వాడుతోందో, పాస్‌వర్డ్ ఎక్కడ రాసి పెట్టారో టీమ్‌లో ఎవరికీ తెలీదు, రోజూ రాత్రి రెండింటికి మాత్రం ఠంచనుగా లాగిన్ అవుతోంది.