స్మెటా ఆడిటా, ఎస్‌ఏ 8000 సర్టిఫికెటా?

విదేశీ బ్రాండ్లకు బట్టలు కుట్టే యూనిట్లకు తప్పని సందేహమిది. ఫ్యాక్టరీలో కార్మికులను సరిగ్గా చూసుకుంటున్నారా అని బయటివాళ్లు వచ్చి తనిఖీ చేసే పద్ధతులే రెండూ.

స్మెటా: పాస్, ఫెయిల్ ఉండవు. లోపాలతో సహా రిపోర్టు సెడెక్స్ అనే ఆన్‌లైన్ వేదికలో పెడితే మీరు అనుమతించిన బయ్యర్లంతా చూసుకుంటారు. నాలుగు విభాగాల ఆడిట్ చేయించుకుంటే పర్యావరణం, వ్యాపార నీతి కూడా కలుస్తాయి.

ఎస్‌ఏ 8000: మూడేళ్ల సర్టిఫికెట్, మధ్యమధ్యలో తనిఖీలు. దృష్టంతా కార్మికుల మీదే. ఖర్చూ శ్రమా ఎక్కువ.

దొంగ లెక్కలు మాత్రం రెండింటిలోనూ ప్రమాదమే. హాజరు పట్టీలో ఆదివారం సెలవని ఉంటుంది, విరిగిన సూదుల రిజిస్టర్‌లో అదే తేదీకి ఎంట్రీ ఉంటుంది, అంటే ఆ రోజు పని జరిగిందన్నమాట. ఆడిటర్లు ముందు పట్టేది ఇలాంటివే!

బయ్యర్లు ఎక్కువ, చేతిలో డబ్బు తక్కువ అయితే స్మెటా చాలు. గోడకు తగిలించుకోవడానికే అయితే ఎస్‌ఏ 8000 దండగ. బయ్యర్ పేరు పెట్టి అడిగినా, జీతాలు, పనిగంటల వ్యవస్థను మొదటినుంచీ గాడిలో పెట్టాలనుకున్నా దానికే వెళ్లండి.