మూడుల్ రివ్యూ: కరోనా సెమిస్టర్‌లో మొదలుపెట్టి ఇప్పటికీ వాడుతున్న లెక్చరర్ మాట

ముందు తీర్పు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. కాలేజీ పిల్లలు కోర్సు మధ్యలో జారిపోకుండా పట్టుకోవడానికి నేను వాడినవాటిలో మూడుల్‌ని మించింది లేదు. చూడ్డానికి పాతగా ఉంటుంది, నేర్చుకోవడానికి ఓపిక కావాలి, అయినా సరే. 2020లో క్లాసులన్నీ ఉన్నట్టుండి ఆన్‌లైన్‌కి మారిపోయినప్పుడు స్టాటిస్టిక్స్ చెప్పడానికి దీన్ని పట్టుకున్నాను, మళ్లీ గదుల్లో కూర్చుని పాఠాలు చెప్పే రోజులు వచ్చాక కూడా వదల్లేదు. ఫీచర్లన్నీ వరసగా చెప్పడం నా ఉద్దేశం కాదు, కష్టంలో ఉన్న విద్యార్థికి ఏది అక్కరకొచ్చింది అన్నదే రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మూడుల్ అంటే కోర్సు నడపడానికి వాడే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. మార్టిన్ డౌగియామస్ మొదలుపెట్టాడు, తొలి వెర్షన్ 2002లో వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఉచితమే గానీ ఎవరో ఒకరు సర్వర్ మీద పెట్టి దాని బాగోగులు చూసుకోవాలి. నోట్సు, అసైన్‌మెంట్లు, క్విజ్‌లు, చర్చలు, మార్కులు అన్నీ అందులోనే ఉంటాయి.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాని మహమ్మారి అని ప్రకటించింది, ఆ తర్వాత కొన్ని వారాల పాటు టీచర్లందరి దృష్టీ లైవ్ వీడియో మీదే ఉంది. జూమ్ మీటింగుల్లో చేరేవాళ్ల లెక్క 2019 డిసెంబరులో రోజుకి కోటి అయితే 2020 ఏప్రిల్‌కి 30 కోట్లు దాటింది. లైవ్ క్లాసు వద్దని నేను అనను, ఇంట్లో ఒంటరిగా ఉన్న పిల్లలకి తోటివాళ్ల ముఖాలు కనిపించడమే పెద్ద ధైర్యం. కానీ సెమిస్టర్ మొత్తం దాని మీదే నడిపితే మొదట దెబ్బ తినేది నెట్ సరిగా లేనివాళ్లు, ఆ గంట పోతే వాళ్లకి ఆ పాఠం పోయినట్టే. లైవ్ వీడియోకి గంటకి వందల ఎంబీలు ఖర్చవుతాయి, అదే పాఠాన్ని సెకనుకి 32 కిలోబిట్ల ఆడియోగా రికార్డు చేస్తే గంటకి 14.4 ఎంబీ, పది నిమిషాల ముక్క అయితే 2.4 ఎంబీ. అందుకే నేను స్లయిడ్లు, పక్కనే చిన్న చిన్న ఆడియో ముక్కలు పెట్టడం మొదలుపెట్టాను, గ్రాఫ్ గీసి చూపించాల్సిన చోట మాత్రం వీడియో. అది కూడా పొట్టిగానే. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైటులో 69 లక్షల వీడియో సెషన్లని పరిశీలించి 2014లో ఫిలిప్ గువో బృందం రాసిన పేపర్‌లో ఆరు నిమిషాల లోపు వీడియోలనే విద్యార్థులు ఎక్కువ శ్రద్ధగా చూస్తున్నారని తేలింది, నా క్లాసులో కూడా అంతే.

ఇక్కడ మూడుల్ మొబైల్ యాప్ గురించి చెప్పాలి. సిగ్నల్ ఉన్న చోట కోర్సు మెటీరియల్ దించుకుని, లేని చోట తీరిగ్గా చదువుకోవచ్చు. టీచర్ అనుమతిస్తే క్విజ్ కూడా ఆఫ్‌లైన్‌లో రాసి, నెట్ దొరికినప్పుడు పంపొచ్చు. ఒక షరతు ఉంది, టైమ్ లిమిట్ పెట్టిన క్విజ్‌కి ఇది కుదరదు. టైమ్ లిమిట్ పెట్టడం నేను తగ్గించుకోవడానికి మొదటి కారణం ఇదే.

అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక పేజీ. పార్టిసిపెంట్స్ లిస్టులో ప్రతి విద్యార్థి పేరు పక్కన చివరిసారి కోర్సు ఎప్పుడు తెరిచాడో ఉంటుంది. ఆ కాలమ్ మీద నొక్కితే చాలాకాలంగా కనిపించనివాళ్లంతా పైకి వస్తారు. గదిలో క్లాసు చెప్పేటప్పుడు వెనక బెంచీ ఖాళీగా ఉంటే కంటికి తెలుస్తుంది, స్క్రీన్ మీద అది తెలియదు, కెమెరాలన్నీ ఆఫ్‌లో ఉన్నప్పుడు అసలు తెలియదు. నేను వారానికోసారి ఆ లిస్టు చూసి, వారం దాటి లోపలికి రానివాళ్లకి విడివిడిగా మెసేజ్ పెట్టేదాన్ని. అందరికీ ఒకే మెసేజ్ పంపితే ఎవరూ జవాబివ్వరు, ఎవరి పేరుతో వాళ్లకి రాయాలి. "అసైన్‌మెంట్ ఎందుకు పెట్టలేదు" అని అడిగితే ఇంకా దూరంగా వెళ్లిపోతారు. "మూడో యూనిట్ దగ్గర ఆగినట్టున్నావు, ముందు ఆ మొదటి ఆడియో ఒక్కటి విను, మిగతాది తర్వాత చూద్దాం, ఇంట్లో అందరూ బాగున్నారా?" అని రాస్తే జవాబొచ్చేది. ఒక అమ్మాయి "మేడమ్, ఫోన్ ఒకటే ఉంది, తమ్ముడి క్లాసులు అయ్యాక రాత్రి పూట దొరుకుతుంది" అంది. ఇంకో అబ్బాయి ఇంట్లో ముగ్గురు మంచం పట్టారు, వంటా సేవా అతనే చేస్తున్నాడు. వీళ్లెవరూ చదువు మీద శ్రద్ధ లేనివాళ్లు కాదు, అటెండెన్స్ షీటు చూస్తే మాత్రం అలాగే కనిపిస్తారు. అందుకే ఆ పేజీ అంటే నాకంత గౌరవం.

ఆ తర్వాత చేయాల్సింది డెడ్‌లైన్ సంగతి. మూడుల్ అసైన్‌మెంట్‌లో రెండు తేదీలు వేరువేరుగా ఉంటాయి, ఒకటి ఇవ్వాల్సిన తేదీ, రెండోది తలుపు మూసే తేదీ. మొదటిది దాటితే ఆలస్యం అని గుర్తు పడుతుంది అంతే, రెండోది దాటాకే తీసుకోవడం ఆగుతుంది. ఈ రెండింటి మధ్య వారం ఉంచితే సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది. దానికి తోడు ఓవర్‌రైడ్ అని ఒక ఏర్పాటు ఉంది, ఒక్క విద్యార్థికి మాత్రమే వేరే తేదీ, క్విజ్‌కయితే ఎక్కువ టైమ్, ఎక్కువ ప్రయత్నాలు ఇవ్వొచ్చు, పక్కవాళ్లకి తెలియదు. ఇది చిన్న విషయం అనుకోవద్దు. అమ్మకి బాగోలేదని చెప్పుకోవడమే కష్టం, దాన్ని గ్రూపులో నలుగురి ముందూ చెప్పి గడువు అడుక్కోవాలంటే చాలామంది అసలు అడగరు, సున్నా వేయించుకుని ఊరుకుంటారు. రుజువులు తెమ్మని కూడా నేను అడగలేదు. అబద్ధం చెప్పి నాలుగు రోజులు ఎక్కువ తీసుకున్నవాళ్లు ఒకరిద్దరు ఉంటే ఉండనివ్వండి, వాళ్ల కోసం మిగతా అందర్నీ అనుమానించడం నావల్ల కాదు.

క్విజ్‌ల విషయంలో మూడుల్ చాలా గట్టిది. కాలిక్యులేటెడ్ ప్రశ్న అని ఉంటుంది, లెక్క ఒకటే, అంకెలు మాత్రం మారుతూ ఉంటాయి, కాబట్టి పక్కవాడి జవాబు కాపీ కొట్టినా లాభం లేదు, పద్ధతి అడిగి తెలుసుకోవాల్సిందే, అలా అడిగితే నాకు సంతోషమే. ప్రశ్నల బ్యాంకు ఒకసారి కష్టపడి తయారు చేసుకుంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది. ఎన్నిసార్లయినా రాయొచ్చు, ఎక్కువ వచ్చిన మార్కే లెక్క అని పెట్టాను. కొందరు తోటి లెక్చరర్లు ఇది మరీ ఉదారం అన్నారు. కానీ రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో చేసిన ప్రయోగాల్లో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్ల కంటే గుర్తు తెచ్చుకుని పరీక్ష రాసుకున్నవాళ్లకే వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. అంటే మళ్లీ మళ్లీ క్విజ్ రాయడం కూడా చదువే కదా. జవాబు తప్పయితే ఎందుకు తప్పో ఒక వాక్యం కనిపించేలా ఫీడ్‌బ్యాక్ రాసి పెట్టండి, రాయడానికి చాలా సమయం పడుతుంది, అయినా అర్ధరాత్రి ఒంటరిగా లెక్క చేసుకునే పిల్లలకి అప్పుడు దొరికే టీచర్ ఆ వాక్యమే.

పరీక్షల్లో కెమెరాతో నిఘా పెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి మా దగ్గర కొన్నాళ్లు నడిచింది, పేరు అనవసరం. ఇంట్లో ఎవరైనా వెనక నుంచి నడిచినా అనుమానం కింద గుర్తు పెట్టేది. సొంత గది లేని పిల్లలకి అది నరకం. నా పేపర్ వరకు పుస్తకం చూసి రాసే పరీక్షకి మారిపోయాను, నిజమైన డేటా ఇచ్చి ఏ స్టాటిస్టికల్ టెస్ట్ వాడతావు, ఎందుకు అని అడగడం మొదలుపెట్టాను. దిద్దడానికి రెట్టింపు సమయం పట్టింది, జవాబులు మాత్రం చదవాలనిపించేలా వచ్చాయి.

డౌట్లు అడగడానికి సిగ్గుపడేవాళ్ల కోసం ఫీడ్‌బ్యాక్ అనే యాక్టివిటీని పేర్లు కనిపించకుండా పెట్టొచ్చు. ప్రతి వారం ఒకే ప్రశ్న, ఏది అర్థం కాలేదు అని. మామూలు ఫోరమ్‌లో నోరెత్తనివాళ్లు ఇక్కడ పేజీలు రాశారు, స్టాటిస్టికల్ టెస్టు ఫలితంలో చూసే పీ వేల్యూ అంటే ఏమిటో సగం క్లాసుకి తెలియదని నాకు తెలిసింది అలాగే. ఇంకోటి, 2018లో వచ్చిన 3.5 వెర్షన్ నుంచి మనం టైపు చేసే ఎడిటర్‌లోనే గొంతు రికార్డు చేసే బటన్ ఉంది, మామూలుగా రెండు నిమిషాల హద్దు. అసైన్‌మెంట్ కింద ఎర్ర గీతల బదులు నా గొంతుతో రెండు మాటలు పెడితే పిల్లలు దాన్ని రెండు మూడుసార్లు వినేవాళ్లు.

కొత్తవాళ్లు జాగ్రత్త పడాల్సినవి కొన్ని ఉన్నాయి. సెట్టింగుల పేజీలు చాలా పొడవు, అన్నీ ముట్టుకోకండి. మార్కుల పట్టికలో ఖాళీగా ఉన్న అసైన్‌మెంట్లని మొత్తంలో కలపకపోవడం మామూలు అమరిక, దాంతో ఒక్కటే ఇచ్చి తొమ్మిది వదిలేసిన విద్యార్థికి కూడా 90 శాతం కనిపించి అంతా బాగుందనుకునే ప్రమాదం ఉంది, గడువు దాటినవాటికి సున్నా వేయడమో ఆ అమరిక మార్చడమో చేయాలి. సర్వర్ చిన్నదైతే అన్ని సబ్జెక్టుల గడువులూ ఒకే అర్ధరాత్రికి పెట్టొద్దు, అందరూ ఒకేసారి ఎక్కుతారు. చివరిసారి ఎప్పుడు తెరిచారన్నది కూడా క్లిక్కుల లెక్కే, తెరిచినంత మాత్రాన చదివినట్టు కాదు. ఇంట్లో పోయిన మనిషి కోసం ఏడుస్తున్న పిల్లకి ఏ సాఫ్ట్‌వేరూ ఏమీ చేయలేదు, అక్కడ ఫోన్ చేసి మాట్లాడాలి, లేదా కౌన్సెలర్ దగ్గరకి దారి చూపించాలి.

2020 మార్చిలోనే చార్లెస్ హాడ్జెస్ అనే ప్రొఫెసర్, మరికొందరు రాసిన వ్యాసంలో అత్యవసరంగా దూరం నుంచి చెప్పడం వేరు, ఆలోచించి తయారు చేసిన ఆన్‌లైన్ కోర్సు వేరు అన్నారు. ఆ మాట నాకు బాగా ఉపయోగపడింది, ఆ సెమిస్టర్‌లో హడావిడిగా పెట్టినవాటిని తర్వాతి ఏడాదుల్లో కూర్చుని సరిచేసుకుంటూ వచ్చాను.

2022 ఏప్రిల్‌లో మూడుల్ 4.0 వెర్షన్ వచ్చాక రూపం బాగుపడింది, కోర్సులోని అంశాలన్నీ పక్కన వరసగా కనిపిస్తాయి, బిగ్‌బ్లూబటన్ అనే లైవ్ క్లాసు ఏర్పాటు కూడా అందులోనే కలిసి వస్తోంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందుగా సర్వర్ చూసుకునేవాళ్లని మీకు ఏ రోల్ ఇచ్చారో, అంటే ఏయే అనుమతులు ఇచ్చారో అడగండి. నాన్ ఎడిటింగ్ టీచర్ అని ఇస్తే మార్కులు వేయగలరు గానీ మామూలుగా ఓవర్‌రైడ్ పెట్టలేరు, ఒక పిల్లవాడు ఆస్పత్రి నుంచి మెసేజ్ పెట్టిన రాత్రి ఆ అనుమతి కోసం ఇంకొకరిని లేపాల్సి వస్తుంది.