నిలబడి పది నిమిషాలా, కూర్చుని గంటా, వాట్సాప్‌లోనా: ఏ మీటింగ్ మేలు?

చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ ప్లానింగ్ చూస్తాను. పొద్దున ఒంగోలులో బస్సెక్కేసరికే గ్రూపులో ముప్పై మెసేజ్‌లు ఉంటాయి. ఎనిమిదింటికి యార్డులో నిలువుకాళ్ల మీటింగ్. సోమవారమైతే ఆఫీసులో ఏసీ కింద ఇంకోటి. మూడింటిలోనూ తల పండింది కాబట్టి ఏది దేనికి పనికొస్తుందో చెప్పగలను.

ముందు వాట్సాప్ సంగతి, ఎందుకంటే దాని దెబ్బ తిన్నాను. ఒకరాత్రి పదిన్నర దాటాక సేల్స్ అతను గ్రూపులో వాయిస్ పెట్టాడు: "అన్నా, ఆ ఆర్డర్ రెండు సెంటీమీటర్లు కాదు, మూడు." నలుగురు బొటనవేలు బొమ్మ పెట్టారు. అందులో నేనూ ఒకణ్ణి. నైట్ షిఫ్ట్ వాళ్లు చూసుకుంటారని నేను, నేను ఫోన్ చేస్తానని మిగతావాళ్లు. పదిమంది చేతిలో పాము చావదంటే ఇదే. రాతిబండను చాలా బ్లేళ్లతో ఒకేసారి పలకలుగా కోసే మిషన్ గ్యాంగ్‌సా. దాని బ్లేళ్ల మధ్య ఎడం ముందే బిగిస్తాం. కోత మొదలయ్యాక మందం మార్చే దారి లేదు. తెల్లారి వెళ్లి చూస్తే రెండు సెంటీమీటర్ల ఎడంతో బ్లేళ్లు రాతిలోకి దిగిపోయి ఉన్నాయి. నైట్ షిఫ్ట్ మేస్త్రీ ఫోన్ లాకర్లో ఉందట. అతన్ని ఏమనగలం? మిషన్ దగ్గర ఫోన్ వాడొద్దని చెప్పింది మేమే.

అలాగని వాట్సాప్ పనికిరాదని కాదు. కంటైనర్ నంబరు, లోడింగ్ ఫొటో, విరిగిన స్లాబు ఫొటో లాంటి కబుర్లకు దాన్ని మించింది లేదు. వీటి కోసం పదిమందిని కూర్చోబెట్టడమే దండగ. నిర్ణయం మాత్రం అక్కడ పెట్టకూడదు.

నిలువుకాళ్ల మీటింగ్ మా దగ్గర స్లాబుల యార్డులో జరుగుతుంది. గ్యాంగ్‌సా దగ్గర జరిపితే ఎదుటివాడి మాట వినపడదు. నిన్న ఏం కోశాం, ఇవాళ ఏం కోస్తాం, ఎక్కడ ఆగింది: ఈ మూడే. సాఫ్ట్‌వేర్ వాళ్లు రోజూ పదిహేను నిమిషాలకు మించకుండా చేసే మీటింగే ఇది, కాకపోతే మాది రాతిదుమ్ములో. 1999లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనంలో కూర్చుని మాట్లాడుకున్న బృందాలకు నిలబడ్డవాళ్ల కంటే 34 శాతం ఎక్కువ సమయం పట్టింది, నిర్ణయాలు మాత్రం అంతకన్నా మెరుగ్గా ఏమీ లేవు. మే నెలలో మా యార్డుకొచ్చి ఉంటే ఆ తేడా ఇంకా పెరిగేది. ఆ ఎండలో ఉపన్యాసం ఇచ్చే మనిషి ఇంకా పుట్టలేదు.

దీనికీ ఒక లోపం ఉంది. ఆలోచించాల్సిన విషయం వస్తే "సరే, చూద్దాం" అని దాటేస్తాం. అట్లా దాటేసినవన్నీ సోమవారం నెత్తిన పడతాయి.

సోమవారం మీటింగ్ అంటే ఓనరు గారి కోసం ఇరవై నిమిషాలు ఎదురుచూపు, టీ, పునుగులు, మధ్యలో ఫోన్లు. పార్కిన్సన్ అనే బ్రిటిష్ రచయిత 1957లోనే రాశాడు: అణు రియాక్టరు ఖర్చు కమిటీలో నిమిషాల్లో పాసవుతుంది, సైకిల్ షెడ్డు మీద మాత్రం అందరూ నోరు విప్పుతారని. మా దగ్గర కొత్త పాలిష్ లైను అయిదు నిమిషాల్లో తేలిపోయింది. బాత్రూమ్ తాళంచెవి ఎవరి దగ్గరుండాలన్నది మాత్రం అరగంట నడిచింది.

అయినా కొన్ని గొడవలు కూర్చుంటేనే తీరతాయి. బ్లాక్ గెలాక్సీ అనే మా నల్ల గ్రానైట్‌లో బంగారు చుక్క చిన్నదా పెద్దదా, దట్టంగా ఉందా పలచగా ఉందా అన్నదాన్ని బట్టే కొనేవాడు ఒప్పుకుంటాడు. ఒక ఆర్డరుకు ఏ బ్లాకులు కలపాలన్న దాని మీద సేల్స్‌కూ మాకూ పడలేదు. రెండు ముక్కలు టేబుల్ మీద పెట్టి, నీళ్లు చల్లి, కిటికీ దగ్గరికి జరిపి చూశాం. తడి రాయి మీద తేడా కొట్టొచ్చినట్టు కనపడింది. సేల్స్ అతనే ఒక ముక్క పక్కకు తోశాడు. ఈ పని ఫోన్లో కాదు, ఎండలో నిలబడీ కాదు.

అమెజాన్‌లో 2004 నుంచి పెద్దల మీటింగుల్లో స్లైడులు తీసేసి, రాసుకొచ్చిన కాగితం అందరూ ముందు మౌనంగా చదివే పద్ధతి పెట్టారు. అంత లేకపోయినా, నేను ఒక్క పేజీ తెలుగులో రాసి పంచుతున్నాను: తేలాల్సిన విషయాలు రెండో మూడో, ఒక్కోదానికి ఎంత డబ్బు పడుతుందో. తాళంచెవి అందులో ఉండదు.

మూడింటిలో ఒక్కటే ఉంచుకోమంటే నేను నిలువుకాళ్లదే ఉంచుకుంటాను, పక్కన ఒక బోర్డుతో. కూర్చునే మీటింగ్ వారం వారం అక్కర్లేదు. డబ్బో, తగవో ఉన్నప్పుడు చాలు. ఇప్పుడు మందం మారితే మార్చినవాడే ఫోన్ చేసి షిఫ్ట్ మేస్త్రీకి చెప్పాలి. మేస్త్రీ గ్యాంగ్‌సా పక్క బోర్డు మీద సుద్దముక్కతో అంకె, టైము, చెప్పినవాడి పేరు రాస్తాడు. ఆ బోర్డు ఫొటో గ్రూపులోకి వచ్చేదాకా ఎన్ని బొటనవేళ్లు లేచినా లెక్కలోకి రావు.