ఎత్తుపల్లాల వైజాగ్‌కి ఏది మేలు: పెట్రోలా, ఎలక్ట్రికా, తనే బ్రేకేసుకునే కారా?

నెల రోజులుగా మా బావమరిది ఒకటే ఫోన్లు. "బావా, పెట్రోల్‌దా ఎలక్ట్రిక్‌దా, ఏదో ఒకటి తేల్చు" అని. వాడి ఇల్లు మధురవాడలో, ఆఫీసు గాజువాకలో. రానూపోనూ యాభై కిలోమీటర్లు ఎక్కడికీ పోవు. ఇంత తిరిగేవాడికి ఆలోచించేదేముంది, ఎలక్ట్రిక్కే అన్నాను.

పెట్రోల్ కారు ఎన్‌ఏడీ జంక్షన్ మీదుగా పాకే ట్రాఫిక్‌లో లీటరుకి పద్నాలుగు ఇస్తే గొప్ప. లీటరు వంద దాటి చాలాకాలమైంది కాబట్టి కిలోమీటరుకి ఏడెనిమిది రూపాయలు. చిన్న ఎలక్ట్రిక్ కారు యూనిట్‌కి ఏడు కిలోమీటర్ల దాకా వస్తుంది. ఇంటి మీటరు మీద పెద్ద స్లాబులో పడ్డా కిలోమీటరుకి రూపాయిన్నర చుట్టుపక్కలే. కొనేటప్పుడు మూడు లక్షలు ఎక్కువ పెట్టినా, నెలకి పదమూడు వందల కిలోమీటర్లు తిరిగేవాడికి మూడేళ్లు దాటగానే అవి తిరిగొచ్చేస్తాయి. అదే ఆదివారం బీచ్ రోడ్డు షికారుకీ, ఎప్పుడైనా భీమిలికీ నెలకి మూడొందలు తిప్పేవాళ్లకైతే పద్నాలుగేళ్లు పడుతుంది, వాళ్లు హాయిగా పెట్రోల్ తీసుకోవచ్చు.

డబ్బు సంగతి అలా ఉంచితే, ఈ ఊళ్లో అసలు తేడా ఎత్తుల దగ్గర తెలుస్తుంది. పెళ్లి ముహూర్తాల రోజు సింహాచలం ఘాట్‌లో ముందు బస్సు, వెనక ఇన్నోవా, మధ్యలో హాఫ్ క్లచ్ మీద నిలబడి చూడండి, పావుగంటలో క్లచ్ మాడిన వాసన, మా ఆవిడ చూపు, రెండూ తగులుతాయి. గేర్లు వాటంతటవే మారే ఏఎంటీ పెట్రోల్ కారైతే క్లచ్ బాధ లేదు గానీ కొన్నిటిలో బ్రేకు వదలగానే ఓ జానెడు వెనక్కి జారుతుంది, గుండె జారడానికి అది చాలు. ఎలక్ట్రిక్ మోటారుకి సున్నా నుంచే పూర్తి బలం ఉంటుంది, కాలు ఆనిస్తే ఎక్కేస్తుంది. దిగేటప్పుడు ఇంకా బాగుంటుంది. పోయిన చలికాలం అరకు నుంచి వస్తూ గాలికొండ దగ్గర చూస్తే బ్యాటరీ 46 శాతం, ఘాట్ కిందకి దిగాక చూస్తే 47! మోటారే బ్రేకులా పనిచేసి కరెంటు వెనక్కి నింపింది. బ్రేకు మీద పెద్దగా కాలే వెయ్యలేదు. ఎక్కేటప్పుడు శాతాలు చకచకా పడిపోయిన మాటా నిజమే, అది దాచను.

"హుద్‌హుద్‌లాంటిది మళ్లీ వస్తే?" అంటారు. 2014 అక్టోబరులో కరెంటు లేక రోజుల తరబడి చీకట్లో ఉన్నాం, నిజమే. కానీ అప్పుడు బంకుల దగ్గర క్యూలు మర్చిపోయారా? బంకులో మోటారు తిరగాలన్నా కరెంటో జనరేటరో ఉండాలి కదా.

ఇక అడాస్, అంటే డ్రైవింగ్‌లో మనకి సాయం చేసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు. షోరూంలో వీడియో చూసి మావాడు దానికోసం పై వేరియంట్‌కి వెళ్తానన్నాడు. నేనొద్దన్నాను. అద్దం మీద కెమెరా, ముందు రాడార్ చూసుకుని అదే బ్రేకేస్తుంది, గీతల మధ్య ఉంచుతుంది. రాత్రిపూట హైవే మీద విజయవాడ వెళ్లేవాళ్లకి మంచిదే. కానీ అది రెండో లెవెల్, అంటే చేతులూ కళ్లూ మనవే, బాధ్యతా మనదే. ఊళ్లో సగం రోడ్లకి గీతలే ఉండవు. అడాస్ ఉన్న ఫ్రెండు కారులో ఎండాడ దగ్గర వస్తుంటే ముందు ఆటో అతను చెయ్యి బయటపెట్టి అరచెయ్యి కిందకి రెండుసార్లు ఆడించాడు. 'ఆగు, పక్కకి తీస్తున్నా' అని మాకర్థమైంది, ఫ్రెండు అప్పటికే స్లో చేస్తున్నాడు. కారుకి మాత్రం ఆ చెయ్యి అర్థం కాలేదు, ఆటో అడ్డంగా తిరిగిందని కీచుమని ఆగిపోయింది. వెనక బైకువాడు తిట్టిన తిట్లు రాయలేను. రోడ్డు మధ్య పడుకున్న ఆవు లేస్తుందో లేవదో మనకి దాని చెవులు చూస్తే తెలుస్తుంది, రాడార్‌కి ఎవరు నేర్పుతారు?

చివరికి మావాడు అడాస్ లేని ఎలక్ట్రిక్కే బుక్ చేశాడు. ఇప్పుడు గొడవ పార్కింగ్‌లో ప్లగ్గు దగ్గరుంది. సొంత మీటరు నుంచే కేబుల్ లాక్కుంటానన్నా అసోసియేషన్ వాళ్లు "మంటలొస్తే?" అంటున్నారు. ఇంట్లో ఉన్న కనెక్షన్‌తోనే చార్జింగ్ పెట్టుకోవచ్చని 2022లో కేంద్ర విద్యుత్ శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు ప్రింటు తీయించి ఇచ్చాను. ఆదివారం మీటింగు.