జాగ్రత్త: ‘స్కైరిమ్ పెట్టె’ కిట్ కొనే ముందు చెక్క తేమ, పట్టీల రంధ్రాలు చూసుకోండి

స్కైరిమ్ అనే వీడియో గేమ్‌లో కనిపించే ఇనప పట్టీల చెక్కపెట్టె ఇంట్లో చేసుకుందామని కిట్ ఆర్డర్ పెట్టబోతున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి. సోషల్ మీడియా ప్రకటనల్లో తిరుగుతున్న ఒక కిట్‌లో చెక్క సరిగా ఆరకుండానే వస్తోంది. ప్లాన్‌లోని కొలతలకీ వచ్చే పలకలకీ పొంతన లేదు. ఇనప పట్టీలకు రంధ్రాలు కొట్టిన తీరూ తప్పే. ఈ మూడూ కలిస్తే మూత మొదటి వేసవిలోనే పగులుతుంది. అమ్మేవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు మారినా సరుకులోని లోపం మారదు, కాబట్టి లోపాన్ని గుర్తుపట్టడం నేర్చుకోండి.

కిట్‌లో ఉండేవి ఇవి: 36 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 20 ఎత్తు పెట్టెకు సరిపడా పైన్ పలకలు, మూడు ఇనప పట్టీలు, రెండు బందులు, స్క్రూలు, అచ్చేసిన ప్లాన్, పాతకాలపు రంగు ఎలా తేవాలో చెప్పే ఒక కరపత్రం.

ముందు చెక్క సంగతి. ప్రకటనలో ‘కిల్న్‌లో (చెక్కను ఆరబెట్టే వేడి గదిలో) ఎండబెట్టిన పైన్’ అని రాసి, రుజువుగా పలక మీది హెచ్‌టీ ముద్ర ఫొటో పెడతారు. ఆ ముద్ర ఎండబెట్టినందుకు కాదు. విదేశాలకు పంపే సరుకు కింద వేసే చెక్క చట్రాల్లో, అంటే ప్యాలెట్లలో, పురుగు చావడానికి లోపలి భాగం 56 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 నిమిషాలు ఉండేలా వేడి చేశారని మాత్రమే దాని అర్థం. ఆ తర్వాత కూడా చెక్కలో తేమ బోలెడు ఉండొచ్చు. అదే చోట ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టిన చెక్క, దాన్ని ఇంట్లోకి తేకండి. ముద్ర ఏదైనా సరే, ప్యాలెట్ విప్పి తీసిన పలకను కొత్త పలక ధరకు అమ్మడం మోసమే.

తేమ కొలిచే పిన్ మీటర్ రెండు వేల లోపు దొరుకుతుంది. పలక చివర్లు తొందరగా ఆరతాయి కాబట్టి అక్కడ గుచ్చితే అంకె తక్కువ చూపిస్తుంది. మధ్యలో, చిత్రిక పట్టిన ముఖం మీద, మూడు నాలుగు చోట్ల గుచ్చండి. ఇంట్లో వాడే పెట్టెకు 8 నుంచి 12 శాతం మధ్య ఉండాలి. 15 దాటితే పని మొదలుపెట్టొద్దు. మీటర్ లేకపోతే తూకంతో తేల్చుకోవచ్చు. పలక చివరి నుంచి ఒక అడుగు వదిలి చిన్న ముక్క కోసి తూచండి. దాన్ని ఓవెన్‌లో 100 డిగ్రీల దగ్గర ఉంచి, బరువు ఇక తగ్గదనేదాకా మళ్లీ మళ్లీ తూచండి. పోయిన బరువును ఎండిన బరువుతో భాగించి నూటితో గుణిస్తే తేమ శాతం వస్తుంది. 124 గ్రాముల ముక్క 100 గ్రాములకు దిగితే 24 శాతం. ప్లాస్టిక్ చుట్టి పంపిన పలకల మీద నీలిరంగు చారలు కనిపిస్తే తేమ 20 దాటి ఉన్నప్పుడు బూజు పట్టిందని లెక్క.

ఈ అంకె మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. చెక్క పొడవులో దాదాపు కుంచించుకోదు, అడ్డంగా మాత్రం బాగా కుంచించుకుంటుంది. పైన్ పలక అడ్డకొలత ప్రతి ఒక శాతం తేమకూ సుమారు పావు శాతం తగ్గుతుంది. 480 మిల్లీమీటర్ల వెడల్పు మూత 22 శాతం తేమతో వచ్చి, హైదరాబాద్ వేసవిలో 9కి దిగిందనుకోండి. సుమారు 15 మిల్లీమీటర్లు తగ్గుతుంది. మూత మీద అడ్డంగా ఇనప పట్టీ బిగించి ఉంటే? ఇనుము తగ్గదు, స్క్రూలు చెక్కను కదలనివ్వవు, దాంతో చెక్కే చీలుతుంది. ఆట పెట్టె అందమంతా ఆ పట్టీల్లోనే ఉంది, ప్రమాదమూ అక్కడే ఉంది. 2012లో ఈ ఆటకు అదనపు భాగంగా వచ్చిన హార్త్‌ఫైర్‌లో మిల్లు దగ్గర దుంగలు కొని, ఇనుముతో మేకులు, బందులు చేసుకుంటే ఇల్లు లేస్తుంది. అక్కడ తేమ లెక్క లేదు. ఆ ఇష్టంతో తొలిసారి రంపం పట్టినవాళ్లకు ఈ లెక్క తెలియదు కాబట్టే ఇలాంటి కిట్లు చెల్లుబాటవుతున్నాయి.

బాగా ఆరిన చెక్క కూడా వానాకాలానికీ వేసవికీ మధ్య ఐదారు మిల్లీమీటర్లు కదులుతుంది. కిట్ పట్టీల్లో అన్నీ స్క్రూకు సరిపోయే గుండ్రటి రంధ్రాలే. పట్టీ నడిమి రంధ్రం ఒక్కటే గుండ్రంగా ఉంచి, మిగతావాటిని పట్టీ పొడవు దిశలో సాగదీయాలి. 4 మిల్లీమీటర్ల స్క్రూకు చివరి రంధ్రాలు 10 మిల్లీమీటర్ల పొడవుండాలి. రెండు రంధ్రాలు పక్కపక్కన వేసి, మధ్యలో మిగిలినదాన్ని ఆకురాయితో రాస్తే చాలు. స్క్రూ తల కింద వాషర్ పెట్టి, పూర్తిగా బిగించాక పావు చుట్టు వదలండి. ముందు, వెనక గోడల మీద నిలువుగా దిగే పట్టీలకూ ఇదే పద్ధతి, ఎందుకంటే అక్కడ పలకలు పడుకుని ఉంటాయి.

పట్టీ మందం కూడా చూడండి. ఫొటోలో దళసరిగా కనిపించేది చేతికి వచ్చేసరికి రేకు. 25 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న అసలు పట్టీ మీటరుకు 590 గ్రాములు తూగుతుంది. ఈ పెట్టెకు సుమారు నాలుగున్నర మీటర్లు కావాలి, అంటే రెండున్నర కిలోలపైనే. పట్టీలన్నీ కలిపి కిలో కూడా లేకపోతే అది రేకే.

ప్లాన్ అమెరికా కొలతలది. అక్కడ ‘వన్ బై సిక్స్’ అనే పలక నిజానికి ముప్పావు అంగుళం మందం, ఐదున్నర అంగుళాల వెడల్పు. కిట్‌లో పలకలు కొన్ని అలా, కొన్ని నిండు అంగుళం మందంతో వస్తున్నాయి. బయటి కొలత అదే ఉంచి రెండు గోడలూ పావేసి అంగుళం లావైతే, లోపల కూర్చోవాల్సిన అడుగు పలక అర అంగుళం ఎక్కువై పట్టదు. ప్లాన్‌లోని కోత జాబితాను నమ్మి అన్నీ ఒకేసారి కోయకండి. గోడలు నిలబెట్టాక లోపలి కొలత తీసి అడుగు పలక కోయండి.

కరపత్రం గురించి గట్టిగా చెప్పాలి. పట్టీలకు పాతదనం రావడానికి టార్చితో కాల్చమని అందులో ఉంది. వచ్చే పట్టీల మీద జింక్ పూత ఉంటే తెల్లటి పొగ లేస్తుంది, అది పీలిస్తే జ్వరం, వణుకు వస్తాయి. పూత ఉన్న ఇనుమును కాల్చొద్దు, నల్ల రంగు వేయండి. చెక్కకు పూసే లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి. విడివిడిగా బయట ఆరేయండి, లేదా నీళ్లలో ముంచండి. కరపత్రంలో దీని గురించి ఒక్క మాట లేదు. మూత పట్టీలతో కలిపి ఆరేడు కిలోలు ఉంటుంది, అది దబ్బున పడకుండా ఆపడానికి గొలుసు గానీ స్టే (మూతను తెరిచి నిలిపే కడ్డీ) గానీ కిట్‌లో లేదు. పిల్లలున్న ఇంట్లో ఆ రెండు బందులతోనే వదలకండి. దానంతటదే పడిపోయే గడియ అసలు వద్దు, గాలి ఆడేందుకు వెనక గోడలో సందు ఉంచండి.

నిజానికి కిట్ అవసరమే లేదు. టింబర్ డిపోలో 6 అడుగుల పొడవు, 6 అంగుళాల వెడల్పు, అంగుళం మందం పలకలు పది చాలు. అడుగుల పొడవును అంగుళాల వెడల్పుతో, మందంతో గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. ఒక్కో పలక పావు, మొత్తం రెండున్నర. తరుగు అందులోనే. చిత్రిక పట్టాక 20 మిల్లీమీటర్ల మందం మిగులుతుంది. టేకు తీసుకుంటే చేవ భాగం చూసి ఎంచుకోండి, అంచున తెల్లచెక్క ఎక్కువుంటే పురుగు పడుతుంది.

ఇప్పటికే కొన్నవాళ్లు పార్సిల్ విప్పుతున్నప్పుడే వీడియో తీయండి. మీటర్ అంకె, పట్టీల తూకం కనిపించేలా ఫొటోలు పెట్టుకోండి. ఒక్క పలక కూడా కోయకండి, కోస్తే వాపసు వాదన బలహీనపడుతుంది. ప్రకటనలో చెప్పినట్టు లేని సరుకును వెనక్కి తీసుకోబోమని అమ్మకందారు అనడానికి 2020 ఈ-కామర్స్ నిబంధనలు ఒప్పుకోవు. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లవచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు రుసుము లేదు.

వాపసు కుదరక చెక్క మీ దగ్గరే ఉండిపోతే, ప్లాస్టిక్ వెంటనే విప్పండి. చివర్లకు పెయింట్ పూసి, నీడలో, పలకల మధ్య 20 మిల్లీమీటర్ల బద్దలు ఒకదాని మీద ఒకటి నిలువు వరసలో పడేలా పెట్టి పేర్చండి. పైన బరువు ఉంచండి, ఫ్యాన్ నేరుగా తగలనివ్వకండి. వారానికోసారి ఒకే పలకను తూచండి. రెండు మూడు వారాలు వరసగా బరువు మారకపోతే మీటరుతో మళ్లీ చూసి, అప్పుడు రంపం తీయండి.