యూట్యూబ్ కిడ్స్: మూడేళ్లు వాడాక నా మాట

మా పాపకి ఐదేళ్లు నిండినప్పుడు యూట్యూబ్ కిడ్స్ పెట్టాం, అంటే పిల్లల కోసం యూట్యూబ్ విడిగా చేసిన యాప్. ఇప్పుడు ఎనిమిది దాటాయి. మూడేళ్లలో సెట్టింగులు ఎన్నోసార్లు మార్చాను. ఇప్పుడైతే నాకు టెన్షన్ లేదు, కానీ ఇక్కడిదాకా రావడానికి చాలా టైమ్ పట్టింది.

పెట్టుకోవడం పది నిమిషాల పని. మన ఈమెయిల్‌తో లాగిన్ అయి, పాప పేరు మీద ప్రొఫైల్ చేస్తే వయసు అడుగుతుంది: 4 ఏళ్ల లోపా, 5 నుంచి 8 మధ్యా, 9 నుంచి 12 మధ్యా అని. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నేనూ ఆరు నెలలు అలాగే ఉంచాను. చూడకూడనివేవీ కంటపడలేదు. కానీ బొమ్మల డబ్బా విప్పే వీడియో ఒకటి చూస్తే, దాని వెనకే అలాంటిదే ఇంకొకటి చూసేది. అన్నం ముద్ద నోట్లోనే ఉండిపోయేది.

అసలు పనికొచ్చింది ఆ మూడు వయసులతో పాటు ఉండే నాలుగో ఎంపిక. మనం ఒప్పుకున్న వీడియోలు, ఛానెళ్లు మాత్రమే కనిపిస్తాయి. సెర్చ్ ఉండదు. ఓపిక కావాలి, నిజమే. ఒక ఛానెల్ కలిపే ముందు నాలుగైదు వీడియోలు చివరిదాకా చూస్తాను. ఇప్పటికి మా జాబితాలో 14 ఛానెళ్లు ఉన్నాయి. తెలుగు కథలు, బొమ్మలు గీయడం, జంతువుల వీడియోలు. చిన్నపిల్లలున్న ఎవరికైనా నేను చెప్పేది ఇదొక్కటే, మిగతావన్నీ దీని తర్వాతే.

తాళం సంగతి మాత్రం మర్చిపోకండి. ఒక సాయంత్రం నేను వంటింట్లో ఉంటే హాల్లోంచి "ఏడెనిమిదులు యాభై ఆరు" అని పాప గొంతు వినిపించింది. హోంవర్క్ అనుకున్నాను. వెళ్లి చూస్తే చేతిలో ఫోన్, తెర మీద సెట్టింగ్స్ పేజీ! ఆ పేజీలోకి వెళ్లాలంటే యాప్ ఒక గుణకారం అడుగుతుంది. రెండో తరగతిలో ఎక్కాలు వచ్చేశాక అది ఇక అడ్డే కాదు. దాని బదులు మన సొంత నాలుగంకెల పాస్‌కోడ్ పెట్టుకోవచ్చు, అప్పటిదాకా నేను పెట్టలేదు. ఆ రాత్రే పెట్టాను. పుట్టినరోజు అంకెలు వద్దు, వాళ్లకి తెలుసు.

టైమర్ బాగుంది. కింద తాళం గుర్తు నొక్కి నిమిషాలు పెడితే, టైమ్ అవ్వగానే యాప్ ఆగిపోతుంది. మొదటి వారం ఒకటే ఏడుపు. మూడో వారానికి "అమ్మా, టైమ్ అయిపోయిందట" అని తనే ఫోన్ తెచ్చి ఇచ్చింది. నేను లాక్కున్న రోజుల్లో ఇలా ఎప్పుడూ జరగలేదు.

ఇంత చేసినా నా ఫోన్ ఒక్కటే భద్రం. అత్తయ్య ఫోన్‌లో మామూలు యూట్యూబ్ ఉంది, భజనలు వింటారు. "ఏడుస్తుంటే చూడలేకపోయానమ్మా" అని ఇచ్చేసేవారు. ఆవిడను ఏమనగలను? రిస్ట్రిక్టెడ్ మోడ్ ఆన్ చేశాను. కానీ అది పెద్దల కంటెంట్‌ను దాచడానికి పెట్టింది, ఆరేళ్ల పిల్లకి అది చాలదు. పైగా ఏ ఫోన్‌కి ఆ ఫోన్‌లో విడిగా పెట్టాలి. చివరికి అత్తయ్య ఫోన్‌లోనూ కిడ్స్ యాప్ వేసి, అదే ప్రొఫైల్ పెట్టి, ఆ గుర్తు మొదటి పేజీలోకి తెచ్చాను. ఇప్పుడు ఆవిడే దాన్ని తెరిచి ఇస్తున్నారు. టీవీలో మావారి అకౌంట్ ఉండేది, అక్కడా సరిచేశాం.

ఇక జాబితా చాలడం లేదు. మొన్న ఆదివారం నిమ్మకాయలతో లైట్ వెలిగించే వీడియో కావాలంది. ఇద్దరం కలిసి చూశాం, నాలుగు నిమ్మకాయలు తెచ్చుకున్నాం. ఇలాంటి అడగడాలు పెరుగుతున్నాయి. 9 నిండాక మామూలు యూట్యూబ్‌లోనే తల్లిదండ్రుల పర్యవేక్షణ ఉండే అకౌంట్ తీసుకుందామనుకుంటున్నాం. అందులో మూడు స్థాయిలు ఉన్నాయి. 9 ఏళ్ల పైవాళ్లకి పెట్టిన 'ఎక్స్‌ప్లోర్'తోనే మొదలుపెడతాను. మొదటి నెల రోజులు పాప ఏం చూసిందో ప్రతి రాత్రీ హిస్టరీ తెరిచి చూస్తాను, ఆ సంగతి పాపకి ముందే చెప్పాను.